కొత్త ఎస్‌ఎస్‌డీ వేశాను, ల్యాప్‌టాప్ గుర్తుపట్టట్లేదు

మిర్యాలగూడ నుంచి ప్రశ్న:
అన్నలూ, రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ల్యాప్‌టాప్ ఏడెనిమిదేళ్లది. హార్డ్ డిస్క్ టక్‌టక్‌మని కొట్టుకుని ఆగిపోతే దాని బదులు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్) తెప్పించి నేనే మార్చాను. ఆన్ చేస్తే బూట్ డివైస్ లేదంటోంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డే పోయిందన్నారు. వడ్ల సీజన్, ఒకటే టెన్షన్.

మహబూబ్‌నగర్ నుంచి:
మదర్‌బోర్డు సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. కొత్త డిస్క్‌లో విండోస్ ఉండదు, కాబట్టి ఆ మెసేజ్ ఎలాగూ వస్తుంది. ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగ్స్ తెరలోకి వెళ్లు, కొన్నింటికి ఎఫ్10. అక్కడ డిస్క్ పేరు ఉంటే విండోస్ ఎక్కించుకోవడమే. లేకపోతే కనెక్షన్ చూడాలి.

మిర్యాలగూడ:
పేరు లేదన్నా, ఖాళీగా ఉంది.

నల్గొండ నుంచి:
సన్నగా పొడుగ్గా ఉండే ఎం.2 కార్డా? అందులో కంప్యూటర్‌తో కలిసే పద్ధతిని బట్టి సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. చూడ్డానికి ఒకేలా ఉన్నా, స్లాట్‌కు పడని రకం పెడితే అస్సలు కనిపించదు. నేను అలాగే ఒకటి కొని వెనక్కి పంపాను.

మిర్యాలగూడ:
కాదన్నా, పాతదానిలాగే రెండున్నర ఇంచులది.

మహబూబ్‌నగర్:
అయితే డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే యూఎస్‌బీ సాటా కేబుల్‌తో మిల్లులో ఇంకో కంప్యూటర్‌కు పెట్టు. దిస్ పీసీలో వెతక్కు, కొత్త డిస్క్ అక్కడ రాదు. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అనలొకేటెడ్ (ఇంకా కేటాయించని ఖాళీ జాగా) అని కనిపిస్తే డిస్క్ బాగున్నట్టే. ఆ తర్వాత చార్జర్ పీకి, బ్యాటరీ కనెక్షన్ తీసేసి లోపల చూడు. పాత హార్డ్ డిస్క్ చాలావాటిలో 9.5 మిల్లీమీటర్ల మందం, ఎస్‌ఎస్‌డీ 7. సరిగ్గా బిగించకపోతే వాలిపోయి పిన్నులు అందవు. పాతదాని చుట్టూ ఉన్న రేకు ఫ్రేమ్ దీనికి బిగించావా?

మిర్యాలగూడ:
అన్నా, ఆ ఫ్రేము, నాలుగు స్క్రూలు పాత డిస్క్‌కే ఉన్నాయి! ఎస్‌ఎస్‌డీని ఊరికే తోసి మూత పెట్టేశాను. కనెక్టర్‌లో ఊక దుమ్ము కూడా ఉంటే బ్రష్‌తో దులిపాను. ఫ్రేమ్ బిగించి పెట్టగానే బయోస్‌లో పేరు వచ్చింది. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ ఎక్కుతోంది. నిరుటి లెక్కలు పాత డిస్క్‌లో ఉన్నాయి, అదే కేబుల్‌తో లాగేయనా?

మహబూబ్‌నగర్:
వద్దు. టక్‌టక్‌మన్న డిస్క్‌ను ఆన్ చేసిన ప్రతిసారీ లోపలి పళ్లెం గీసుకుపోయే ప్రమాదం ఉంది. ఆ లెక్కలు తప్పనిసరిగా కావాలంటే ముట్టుకోకుండా డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వు. ఖర్చు బాగానే అవుతుంది, ముందు మీ సేటుకు చెప్పు.