‘నోవుస్ హోమో’కి తెలుగులో ఏ మాట వాడాలి?

నమస్కారం. ప్రాచీన రోమ్ వక్త, రాజకీయ నాయకుడు సిసిరో అక్కడి అత్యున్నత పదవి అయిన కాన్సుల్‌కి పోటీ చేసిన రోజుల మీద తెలుగులో నవల రాస్తున్నాను. ఆయనది అర్పీనమ్ అనే చిన్న ఊరు. క్రీ.పూ. 70లో సిసిలీని దోచుకున్న గవర్నర్ వెర్రెస్ మీద కేసు వాదించి పేరు తెచ్చుకున్నాడు, 63లో కాన్సుల్ అయ్యాడు. ఆయన వంశంలో అంతకుముందు ఎవరూ ఆ పదవి చేయలేదు. పెద్ద కుటుంబాల ఇళ్లలో పదవులు చేసిన పూర్వీకుల మైనపు ముఖాలు ఉండేవి, ఈయనకి చూపించుకోవడానికి ఒక్కటీ లేదు. ఆ కసే నా నవలకి ప్రాణం.

ఇలాంటివాణ్ణి రోమన్లు ‘నోవుస్ హోమో’ అనేవారు. ‘కొత్త మనిషి’ అంటే అందులోని చులకన పోతోంది. ‘నడమంత్రపు సిరి’ డబ్బు గురించిన మాట, ఇక్కడ విషయం వంశం. ‘పేరులేని ఇంటివాడు’ అనుకున్నాను కానీ సెనేటర్ల నోట అతకడం లేదు.

ఇంకొకటి. సిసిరో చెప్పినవి రాసిపెట్టే బానిస టైరో ఆయన్ని ఏమని పిలవాలి? ‘దొర’ అంటే తెలంగాణ గడీ గుర్తొస్తుంది, ‘ప్రభూ’ అంటే పౌరాణిక సినిమాలా ఉంటుంది. ప్రస్తుతానికి ‘అయ్యగారు’ అని రాశాను. చదివేటప్పుడు మీకు ఏది సహజంగా అనిపిస్తుంది? చారిత్రక నవలలు ఇష్టంగా చదివేవాళ్లు దయచేసి చెప్పండి.