బ్రిజిడమ్మ పండుగ ఇంట్లో ఎలా చేసుకోవాలి?

డబ్లిన్ 15 నుంచి, కొత్తగా వచ్చినామె:

అందరికీ నమస్కారమండి. మేము నవంబరులో ఇక్కడికి, ఐర్లండ్‌కి వచ్చాం. మాది విజయవాడ. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్ళకు వెళ్ళాల్సిందే. కొండెక్కి, కొవ్వొత్తి వెలిగించి, జీళ్ళు కొనుక్కుని ఇంటికొచ్చేవాళ్ళం. ఈసారి అది లేదు, మనసు అదోలా ఉంది. నిన్న మా పాప బడి నుంచి చీటీ తెచ్చింది. ఫిబ్రవరి 1 సెయింట్ బ్రిజిడ్ పండుగట, ‘రషెస్’ తెమ్మన్నారు. అవేంటో, ఎక్కడ దొరుకుతాయో తెలియదు. మేమూ కతోలికులమే గానీ ఈ పునీతురాలి పేరు ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఏం చేస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

నేస్ నుంచి, తొమ్మిదేళ్ళుగా ఉంటున్న అక్క:

అమ్మాయ్, ముందు టెన్షన్ మానెయ్. రషెస్ అంటే పొలం గట్ల వెంట, నీరు నిలిచే చోట పెరిగే కాడలు. చూడ్డానికి మన చాపలు నేసే తుంగలాగే ఉంటాయి. విరిస్తే లోపల తెల్లటి బెండు కనిపిస్తుంది. కోయకూడదు, మొదలు పట్టుకుని లాగాలి. అది ఇక్కడి ఆచారం. ఎవరి పొలమో కనుక్కుని అడిగి లాక్కో. ఈ ఒక్క పండుగ పేరు చెబితే ఎవరూ కాదనరు. మొదటి ఏడాది నేను తెలివిగా ఒక కొట్లో ఎండినవి కొన్నాను. మడవగానే పుటుక్కున విరిగాయి, పిల్లాడు ఏడుపు. పచ్చివే తెచ్చుకో. రెండు రోజుల ముందు తెస్తే తడిగుడ్డలో చుట్టి పెట్టు.

వాటితో శిలువ అల్లుతారు. మట్టల ఆదివారం నాడు తాటాకుతో శిలువ చేసిన చేతులు మనవి, ఇదెంత. ఒక కాడ నిలువుగా పట్టుకో. రెండోదాన్ని సగానికి మడిచి మొదటిదాని నడుముకి తగిలించి, రెండు కొసలూ కుడివైపుకి లాగు. మొత్తాన్ని ఎడమకి పావు చుట్టు తిప్పు. మూడోదాన్ని మడిచి, ఇప్పుడు నిలువుగా ఉన్న కాడలన్నిటి మీదుగా తగిలించి మళ్ళీ కుడికి లాగు. ఇక అంతా అదే: తిప్పడం, తగిలించడం, లాగడం. నడుమ చతురస్రం తయారవుతుంది. అక్కడ బొటనవేలు తీశావో మొత్తం ఊడిపోతుంది, అందుకే నువ్వు పట్టుకో, పాపని కాడలు అందించమను. చివర నాలుగు చేతులకీ దారం కట్టి కొసలు సమంగా కత్తిరించు. అల్లుతుంటే పచ్చిగడ్డి వాసన ఇల్లంతా వస్తుంది.

దాన్ని గుమ్మం మీద పెడితే ఇంటికి అగ్నిభయం ఉండదని నమ్మకం. మీది అద్దె ఇల్లు కాబట్టి మేకు కొట్టొద్దు, అంటించే హుక్ వాడు.

కథ పిల్లలకి తప్పకుండా చెప్పు. చావుబతుకుల్లో ఉన్న ఒక పెద్దమనిషికి క్రీస్తు గురించి చెబుతూ, నేల మీద పరిచిన గడ్డి తీసుకుని ఆమె శిలువ అల్లిందట. ఇంకోటి, లెన్‌స్టర్ రాజుని మఠానికి స్థలం అడిగితే ఇవ్వలేదు. నా పైవస్త్రం కప్పినంత నేల చాలు అంది. పరిస్తే మైదానమంతా పాకిపోయింది. వామనుడి మూడడుగులు గుర్తొచ్చాయా? మా వాడికీ అవే గుర్తొచ్చాయి! ఆ మఠం కట్టింది మా పక్కనే ఉన్న కిల్డేర్‌లో. అక్కడ ఆమె పేరున వెలిగిన జ్యోతి 16వ శతాబ్దంలో ఆరిపోతే, 1993లో బ్రిజిడైన్ సిస్టర్లనే కన్యస్త్రీలు మళ్ళీ వెలిగించారు. ఒక ఆదివారం రండి, బ్రిజిడమ్మ బావి కూడా చూపిస్తాను.

ముందు రోజు, అంటే జనవరి 31 రాత్రి, కిటికీ బయట ఒక గుడ్డముక్క పెడతారు. ఆ రాత్రి ఆమె ఇళ్ళ మీదుగా వెళుతూ దీవిస్తుందట. ఏడాదంతా తలనొప్పికి ఆ గుడ్డ కట్టుకోవడం పాతకాలం అలవాటు. మా పక్కింటి పెద్దావిడ ఇప్పటికీ పెడుతుంది. నేను మా అమ్మ చీర కొంగు ముక్క పెడతాను, గాలికి ఎగిరిపోకుండా రాయి బరువుగా ఉండాలి.

వంట సంగతి. బ్రిజిడమ్మ పాలు, వెన్న పనిచేసిన మనిషి. వెన్నంతా పేదలకి పంచేస్తే మళ్ళీ కుండలు నిండాయని చెబుతారు. ఇక్కడివాళ్ళు బంగాళాదుంప ముద్దలో క్యాబేజీ, వెన్న వేసి తింటారు. అది చెయ్యి, మీ ఆయన చూడకుండా కొంచెం పోపు తగిలించు. తీపికి మాత్రం పరమాన్నమే. ఈ దేశపు పాలతో చేసిన పరమాన్నం రుచి గుంటూరులో కూడా నాకు రాలేదు.

కార్క్ నుంచి అన్నయ్య:

అక్క చెప్పినవన్నీ బాగున్నాయి. ఇది క్రైస్తవానికి ముందున్న ఇంబోల్క్ అనే పండుగ అని, బ్రిజిడ్ పేరుతో దేవత కూడా ఉండేదని ఎవరైనా అంటారు. నిజమే, అదే రోజు. దానికేం కంగారు పడకమ్మా. విచారణ (పారిష్) గుడిలో ఆ రోజు పూజ ఆమె పేరునే చేస్తారు. 2023 నుంచి సెలవు కూడా ఇస్తున్నారు. మామూలుగా ఫిబ్రవరి మొదటి సోమవారం ఇస్తారు, 1వ తేదీ శుక్రవారం పడితే ఆ శుక్రవారమే. ఫిబ్రవరి 3న పునీత బ్లేజ్ పండుగ, గుళ్ళో రెండు కొవ్వొత్తులు శిలువలా కలిపి గొంతుకి ఆనించి దీవిస్తారు. ఈ చలికి పిల్లలకి అది చాలా అవసరం, వదలొద్దు.

గుణదల విషయం. 11వ తేదీ మామూలు పనిదినమే, సెలవు అడగొద్దు. సాయంత్రం ఇంట్లో జపమాల చెప్పుకోండి. వీడియోలో ఇంటివాళ్ళతో కలిసి చెప్పుకోవాలంటే, ఇక్కడ సాయంత్రం 6 అంటే విజయవాడలో రాత్రి 11.30, అత్తగారు నిద్రపోతారు. శనివారం పొద్దున 8కి చేస్తే అక్కడ మధ్యాహ్నం 1.30, ఇంటిల్లిపాదీ దొరుకుతారు. ఒకటే జాగ్రత్త: సాంబ్రాణి వేయొద్దు. మొదటి ఏడాది నేను వేస్తే పొగ అలారం మోగి, పై అంతస్తువాళ్ళంతా చలిలో చెప్పుల్లేకుండా కిందికి దిగారు. ఆ తర్వాత వాళ్ళకి పరమాన్నం పంచాల్సి వచ్చింది.

డబ్లిన్ 15 నుంచి మళ్ళీ:

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. నిన్న కాడలు తెచ్చాం, కాలువ పక్కన దొరికాయి. మూడుసార్లు ఊడిపోయి నాలుగోసారి నిలబడింది. ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. సరిచేద్దామంటే పాప ఒప్పుకోలేదు, అలాగే గుమ్మానికి పెట్టాం. వీడియోలో చూసి అత్తగారు “మట్టల ఆదివారం ఇప్పుడేంటే?” అన్నారు. వచ్చే ఏడాది కొత్తది అల్లితే ఈ పాతదాన్ని ఏం చేయాలి?

నేస్ అక్క:

కొందరు చలికాచుకునే పొయ్యిలో వేస్తారు, కొందరు అటక మీద దాస్తారు. మీ ఇంట్లో ఆ పొయ్యి లేదుగా, దాచు. మా ఇంట్లో ఎనిమిదున్నాయి.