సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్ కొనేముందు ఏం చూడాలండి?

మాది అమలాపురం దగ్గరండి, మనసంతా 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే పోటీ) మీదే ఉంది కానీ దానికి వాడే పాయింట్ 22 బుల్లెట్ రైఫిల్‌కి లైసెన్సు కావాలి కదా, అదొచ్చేదాకా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలెడదామనుకుంటున్నా, 20 జౌల్స్ లోపు శక్తి ఉండే పాయింట్ 177 సైజు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదుగా. రాజమండ్రిలో ఒకాయన పాత వాల్తేర్ ఎల్‌జీ 300 అమ్ముతానంటున్నారు. దాని గాలి సిలిండర్ మీద తయారీ డేటు చూస్తే పదేళ్లు దాటేసింది, ఆయనేమో గాలి బానే నిలుస్తోంది ఏం కాదండీ అంటారు, వందల బార్ల ప్రెషరు బాబోయ్, అది మన చేతి పక్కనే ఉంటది. కొత్త సిలిండర్ ఇండియాలో దొరుకుతుందా, ఆ ఖర్చు రేటులో తగ్గించమని అడగొచ్చా? ఇంకోటి, మా సముద్రపు గాలికి బీరువా తాళాలే తుప్పు పడతాయి, బ్యారెల్ లోపల తుప్పుంటే ఎలా కనిపెట్టాలి? పెల్లెట్లు కాల్చి చూడకుండా డబ్బులివ్వొద్దని మా బావ ఒకటే గొడవ. నాది ఎడమచేతివాటం, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మార్చుకోవచ్చంటున్నారు, నిజమేనా?