టెక్కా మార్కెట్‌లో గోంగూర ఏ రోజు, ఏ వేళకు దొరుకుతుంది?

సింగపూర్ లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో తాజా గోంగూర కోసం మూడు వారాలుగా తిరుగుతున్నాను. మొదటి శనివారం మధ్యాహ్నం 3 గంటలకు వెళ్తే కూరగాయల దుకాణాలు దాదాపు అన్నీ కట్టేశారు. తర్వాతి ఆదివారం ఉదయం 10కి వెళ్లి, తమిళ దుకాణాల్లో ‘పుళిచ్చకీరై’ అని అడిగితే అయిపోయిందన్నారు. మలయ్ ఆవిడ దగ్గర ‘అసం సుసుర్’ అన్నాను. పాపం, ఆవిడ లోపలికి వెళ్లి వెతికి మరీ ఎండిన ఎర్ర పూల తొడుగులు తెచ్చి చూపించింది. అవీ గోగు జాతివే, కానీ నాకు కావలసింది ఆకు! మొన్న ఆదివారం 8కే వెళ్లినా వట్టి సంచితోనే తిరిగొచ్చాను. బర్మావాళ్లూ దీన్ని ‘చిన్‌బావుంగ్’ అని ఇష్టంగా వండుకుంటారు కదా అని బర్మా దుకాణాలుండే పెనిన్సులా ప్లాజాలో కూడా చూశాను, పచ్చి ఆకు కనిపించలేదు.

ఎర్ర కాడదైనా తెల్ల కాడదైనా సరే. ఈమధ్య టెక్కాలో కొన్నవాళ్లు, ఏ రోజు ఎన్నింటికి వెళ్తే కట్టలు ఉంటాయో చెప్తారా?