అప్‌డేట్: తుపాకుల గేమ్, మా తమ్ముడి కోపం

పర్లాకిమిడి నుంచి మళ్లీ నేనే. తుపాకుల గేమ్ ఆడి మా తమ్ముడు రౌడీ అయిపోతాడా అని అడిగాను కదా, బరంపురంలో డాక్టరుకి చూపించాం. అలాంటి గేమ్‌ల వల్లే హింసకు దిగుతారనడానికి తగిన ఆధారాల్లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పిందట. అరవడం, తోసేయడం లాంటి వాటితో మాత్రం కాస్త సంబంధం ఉందట. మా ఇంట్లో జరిగేదీ అదే! డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2019లో తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేర్చిన గేమింగ్ డిజార్డర్ వేరు: ఆట ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ గాలికొదిలేయడం, నష్టం కనబడుతున్నా మానకపోవడం, అదీ సాధారణంగా 12 నెలలపాటు. మావాడికి అంత లేదు. రాత్రి ఫోన్ అమ్మ దగ్గర పెట్టిస్తున్నాం. నిద్ర కుదిరి పొద్దుటి చిరాకు తగ్గింది. మ్యాచ్ ఓడితే అరుపులు మాత్రం మామూలే. నాన్న ఇంకా గేమ్‌నే తిడుతున్నారు. టీవీ డిబేట్లు చూస్తూ ఆయన వేసే కేకల సంగతి ఎవరూ ఎత్తరు.