9 లక్షల ఆఫర్, పాత పేరుతో సర్టిఫికెట్లు: ముందు ఏది మాట్లాడాలి?

బెంజిసర్కిల్_దేవ్: జావా, 4 ఏళ్ల అనుభవం, ట్రాన్స్ మహిళ. ఆధార్, పాన్ కొత్త పేరుతో ఉన్నాయి. బీటెక్ మార్కుల లిస్టులు, పీఎఫ్ పాత పేరుతోనే. విజయవాడలో ఆఫర్, ఏడాదికి 9 లక్షలు, అందులో 10 శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది). చేతికెంత వస్తుంది? పేరు సంగతి ఎప్పుడు చెప్పాలి?

పేరోల్_పంతులు: 9ని 12తో భాగించి 75 వేలు అనుకోకండి. వేరియబుల్ 90,000 పక్కన పెట్టండి. బేసిక్ (మూల వేతనం) 9 లక్షల్లో సగం, అంటే 4,50,000 అయితే కంపెనీ వాటా పీఎఫ్ 54,000, గ్రాట్యుటీ 4.81 శాతం లెక్కన 21,645 కూడా సీటీసీలోనే (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, ఆ 9 లక్షలు) కలిపేస్తారు. మీ వాటా పీఎఫ్ మరో 54,000, ఆంధ్రప్రదేశ్‌లో వృత్తి పన్ను నెలకు 200. కొత్త విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను రాదు. నెలకు 56,500 దాకా మిగులుతుంది. పీఎఫ్‌ను బేసిక్ మొత్తం మీద కాకుండా నెలకు 15,000 పరిమితి మీద కడితే చేతికి ఎక్కువే వస్తుంది, అదీ అడగండి. బేరం ఫిక్స్‌డ్ మీదే చేయండి.

బ్రాడీపేట_4వ_లైను: 'విజయవాడలో ఖర్చు తక్కువ కదా' అని తగ్గిస్తారు. అదే పని హైదరాబాద్ టీమ్ కూడా చేస్తుంటే ఆ పోస్టు బ్యాండ్ (జీతం కనిష్ఠ, గరిష్ఠ పరిధి) ఎంతో అడగండి. ట్రాన్స్ కాబట్టి ఉద్యోగం ఇవ్వడమే ఎక్కువ అన్న ధోరణి కనిపిస్తే 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం సెక్షన్ 9 గుర్తుంచుకోండి: ఉద్యోగ విషయాల్లో వివక్ష కుదరదు. 1976 సమాన వేతన చట్టం ఆడ, మగ అని మాత్రమే అంది. దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ 'జెండర్' అంటుంది.

మంగళగిరి_టెస్టర్: నా లెక్కలో పేరు సంగతి ముందే చెప్పాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో (పాత చదువు, ఉద్యోగాల పరిశీలనలో) తేడా బయటపడితే దాచారంటారు.

పేరోల్_పంతులు: ఇంటర్వ్యూలో ఎందుకండీ? జీతం అంకె రాతపూర్వకంగా వచ్చాక, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారంలో 'పూర్వపు పేరు' గడి ఉంటుంది. అక్కడ రాసి, కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ జత చేస్తే చాలు. ఆ గడి ఖాళీగా వదిలితేనే తంటా.

మంగళగిరి_టెస్టర్: ఆ గడి ఉంటే సరే. లేకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. పీఎఫ్‌లో పేరు, జెండర్ మార్పుకి జాయింట్ డిక్లరేషన్ (వివరాలు సరిచేయమనే దరఖాస్తు) పెట్టాలి. యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు), ఆధార్‌లలో వివరాలు కలవకపోతే పాత కంపెనీ డబ్బు బదిలీ కాదు, కొత్తదాంట్లో జమ కూడా ఇరుక్కుంటుంది. బ్యాంకు ఖాతా పేరు కూడా సరిచూసుకోండి, మొదటి జీతం తిరిగొచ్చేది అక్కడే.

బ్రాడీపేట_4వ_లైను: ఇంకా ఆ గుర్తింపు సర్టిఫికెట్ తీసుకోనివాళ్లకు ఒక మాట. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల నేషనల్ పోర్టల్‌లో దరఖాస్తు మీరుండే జిల్లా కలెక్టర్‌కి వెళ్తుంది. 2022లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఆధార్‌లో ఇంకా 'కృష్ణా' అనే ఉంటే ముందు అడ్రస్ సరిచేయించుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మారుతుంది, జెండర్ ఒక్కసారే. స్పెల్లింగ్ ఖాయం చేసుకున్నాకే వేలిముద్ర వేయండి.

బెంజిసర్కిల్_దేవ్: ఫిక్స్‌డ్ 9 అడుగుతా. గ్రూప్ ఇన్సూరెన్స్ గురించి?

పేరోల్_పంతులు: 'అన్నీ కవర్ అవుతాయి' అన్న హెచ్‌ఆర్ మాట వద్దు. పాలసీ కాపీ తెప్పించి మినహాయింపుల పేజీ చూడండి. హార్మోన్ వైద్యం, సర్జరీ అక్కడ ఉంటే ఆ ఖర్చు కూడా మీరు అడిగే అంకెలో కలపండి.