పాలిమర్ 3 నుంచి లిట్ 3కి: ఒక్కో కాంపోనెంట్ మార్చాలా, మొత్తం తిరగరాయాలా?

పాతకోడు:
పాలిమర్, లిట్ రెండూ వెబ్ పేజీ ముక్కలను (కాంపోనెంట్లను) తయారుచేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీలు; లిట్ పాలిమర్‌కు వారసురాలు. పాలిమర్ 3 మీద 120 కాంపోనెంట్లున్న కోడ్‌బేస్ అనుకుందాం. పాలిమర్ 3 వచ్చింది 2018లో. ఆ తర్వాత కొత్త పనంతా లిట్‌లోనే. నా ఓటు మొత్తం తిరగరాతకే. సగం అదీ సగం ఇదీ ఉన్న కోడ్ ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు రెండూ నేర్చుకోవాలి.

కమిట్‌రాజు:
ఒప్పుకోనండీ. రెండూ చివరికి కస్టమ్ ఎలిమెంట్లే (బ్రౌజర్ గుర్తించే సొంత హెచ్‌టీఎంఎల్ ట్యాగులు) కాబట్టి పాలిమర్ పేరెంట్‌లో లిట్ చైల్డ్ హాయిగా కూర్చుంటుంది. లిట్ బరువు కంప్రెస్ చేశాక 5 కేబీ దగ్గర, కాబట్టి కొన్నాళ్లు రెండూ లోడ్ అయినా కొంపేం మునగదు. తేడా వచ్చేది అతుకుల దగ్గర. రెండు చోట్ల చూసుకోవాలి.

పాలిమర్ పేరెంట్ జంట మీసాల బ్రాకెట్లతో టూ-వే బైండింగ్ (విలువ రెండు వైపులా చేరే ముడి) పెట్టి ఉంటే, చైల్డ్ నుంచి 'వాల్యూ-ఛేంజ్డ్' ఈవెంట్ కోసం కాచుకొని ఉంటుంది. పాలిమర్‌లో ప్రాపర్టీకి నోటిఫై ట్రూ అని పెడితే ఆ ఈవెంట్ దానంతటదే వెళ్తుంది. లిట్‌లో రెండర్ అయ్యాక నడిచే అప్‌డేటెడ్ మెథడ్‌లో మనమే పంపాలి.

రెండోది ఇంకా మొండిది. పేరెంట్ 'యూజర్' ఆబ్జెక్ట్ లోపలి 'యూజర్.నేమ్' పాత్‌ను సెట్ మెథడ్‌తో మారిస్తే లిట్ చైల్డ్‌కు అందేది అదే ఆబ్జెక్ట్. రిఫరెన్స్ మారలేదు గనక లిట్ మళ్లీ రెండర్ చేయదు. ఎర్రర్ ఉండదు, తెరమీద పాత పేరు అలాగే ఉంటుంది. పేరెంట్‌లో స్ప్రెడ్‌తో (మూడు చుక్కలతో కాపీ తీసి) కొత్త ఆబ్జెక్ట్ చేసి అప్పగించాలి. అర్రేలకు పుష్ చేసే చోట్లా ఇంతే.

లింటర్:
ఒకటి మరిచారు. 'యూజర్‌నేమ్' అనే క్యామెల్‌కేస్ ప్రాపర్టీకి పాలిమర్ అట్రిబ్యూట్ మధ్యలో గీతతో ఉంటుంది. లిట్ డిఫాల్ట్‌గా అంతా చిన్న అక్షరాలు చేస్తుంది, గీత ఉండదు. పాత హెచ్‌టీఎంఎల్‌లో రాసిన విలువ చేరదు. ప్రాపర్టీ డిక్లరేషన్‌లో అట్రిబ్యూట్ పేరు విడిగా ఇవ్వాల్సిందే.

పాతకోడు:
సరే, అతుకులు కుట్టొచ్చు. మరి మిక్సిన్లు (చాలా కాంపోనెంట్లు పంచుకునే కోడ్)? 30 కాంపోనెంట్లు వాడే మిక్సిన్‌లో అబ్జర్వర్లు (ప్రాపర్టీ మారితే నడిచే ఫంక్షన్లు), 'దిస్.డాలర్' (ఐడీతో ఎలిమెంట్‌ను పట్టే పాలిమర్ దారి) ఉంటే రెండు కాపీలు పెట్టుకోవాలి. స్టైల్స్‌లో అప్లై రూల్స్ (స్టైల్స్ గుత్తిని ఒకేసారి తెచ్చే పాత సీఎస్ఎస్) ఉన్నాయి, లిట్ వాటిని పట్టించుకోదు. పాలిమర్ కాలపు పేపర్ బటన్ల బదులు మెటీరియల్ వెబ్ (లిట్‌తో చేసిన గూగుల్ కాంపోనెంట్ల సెట్) పెడదామంటే, అదీ 2024లో మెయింటెనెన్స్ మోడ్‌లోకి పోయింది. పాత ఇల్లు కూలుతోందని పగుళ్లున్న ఇంట్లోకి మారినట్టు!

కమిట్‌రాజు:
మిక్సిన్ వాదన గట్టిదే. ముందు దానిలోంచి ఫ్రేమ్‌వర్క్‌తో పనిలేని లాజిక్‌ను మామూలు ఫంక్షన్లుగా బయటికి లాగండి, పాలిమర్‌లో ఉండగానే. ఆ తర్వాత మిగిలేది పలుచటి పొర. లిట్ వైపు దాన్ని రియాక్టివ్ కంట్రోలర్‌గా (కాంపోనెంట్‌కు తగిలించే విడి లాజిక్ ఆబ్జెక్ట్‌గా) రాయొచ్చు. అప్లై బదులు పార్ట్ సెలెక్టర్లు (లోపలి భాగానికి బయటి నుంచి స్టైల్ ఇచ్చేవి), కస్టమ్ ప్రాపర్టీలు (సీఎస్ఎస్ వేరియబుల్స్). పేపర్ బటన్లను చివరిదాకా కదపొద్దు.

నీలిబుడగ:
దారి ఏదైనా, టైప్‌స్క్రిప్ట్ టార్గెట్‌ను (అది తయారుచేసే జావాస్క్రిప్ట్ వెర్షన్‌ను) ఈఎస్2022కి పెంచేవాళ్లు ఆగండి. అప్పుడు 'యూజ్ డిఫైన్ ఫర్ క్లాస్ ఫీల్డ్స్' ఆప్షన్ దానంతటదే ట్రూ అవుతుంది. క్లాస్ ఫీల్డ్ ఇన్‌స్టెన్స్ మీద కొత్తగా పుట్టి, ప్రోటోటైప్‌లో లిట్ పెట్టిన సెట్టర్‌ను కప్పేస్తుంది. మొదటి రెండర్ బాగానే కనిపిస్తుంది, తర్వాత ప్రాపర్టీ మార్చినా కదలిక ఉండదు. డెవ్ బిల్డ్ గట్టిగా అరుస్తుంది, ప్రొడక్షన్ బిల్డ్ నోరు మెదపదు. పాత డెకరేటర్లే (ప్రాపర్టీ ముందు @ గుర్తుతో రాసేవి) ఉంచుకుంటే ఆ ఆప్షన్‌ను ఫాల్స్ చేయండి. టైప్‌స్క్రిప్ట్ 5 తెచ్చిన స్టాండర్డ్ డెకరేటర్లకు మారితే ఫీల్డ్ ముందు 'యాక్సెసర్' పెట్టండి.

టెస్టులు కూడా కూలుతాయి. పాలిమర్‌లో ప్రాపర్టీ మార్చగానే ఆ లైన్‌లోనే డామ్ మారుతుంది, లిట్‌లో మైక్రోటాస్క్ దాకా (నడుస్తున్న కోడ్ ముగిసేదాకా) ఆగుతుంది. 'అప్‌డేట్‌కంప్లీట్' కోసం అవెయిట్ పెట్టాలి. లోపలి చైల్డ్ కాంపోనెంట్ల కోసం అది ఆగదు, వాటికి విడిగా అవెయిట్.

పాతకోడు:
టెస్టులు లేని కాంపోనెంట్లకు?

కమిట్‌రాజు:
మార్చేముందు రాయాలి, పాలిమర్ కోడ్ మీదే. చైల్డ్ లేని చిట్టచివరి కాంపోనెంట్లతో మొదలు, ఒక్కో పుల్ రిక్వెస్ట్‌లో ఒక్కటే. 120 కాకుండా 15 ఉండి, అన్నీ ఒకే పేజీవైతే మాత్రం మీ దారే మేలు, తిరగరాసేయండి.